చిత్తిరలో నానబెట్టిన మిరప గింజలు

టమాటా నారు ఆకును వేళ్ళ మధ్య నలిపితే వచ్చే వాసనను మంచి వాసన అని ఎవరూ అనరు. పచ్చిగా, కొంచెం చేదుగా ఉంటుంది. సబ్బుతో కడుక్కున్నా గోళ్ళ సందుల్లో సాయంత్రం దాకా నిలిచిపోతుంది. పోయిన వారం మా పక్క ఫ్లాట్ అమ్మాయి ఒక నల్ల ప్లాస్టిక్ ట్రే పట్టుకొని మా తలుపు తట్టింది. ఇక్కడ కోయంబత్తూరులోనే, గాంధీపురంలో బస్సు దిగి, బట్టల షాపుల వెనక సందులో ఎక్కడో విత్తనాల పొట్లాలూ కొబ్బరి పీచు పొడీ కొనుక్కొచ్చి, హాల్లో సోఫా పక్కన పెట్టి పెంచుతోందట. టమాటా మొలకలు దారాల్లా సాగి ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. మిరప వేసిన గుంటల్లో ఏమీ లేదు. ఫోన్‌లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారని, ఇంటి లోపల ఏది ఎప్పుడు వేయాలో మీకేమైనా తెలుసా అని తమిళంలో అడిగింది. నేను ఒక మొలకను పైకెత్తి చూస్తూ, ఏమీ ఆలోచించకుండానే, మిరప వైకాశి ఇరవైకి, టమాటా ఆని ఐదుకు అని చెప్పాను. ఆ అమ్మాయి ఫోన్‌లో రాసుకొని వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళుగా ఆ రెండు తేదీలను నేను ఎవరికీ చెప్పలేదు, నన్ను ఎవరూ అడగలేదు కూడా.

మా ఊరు కినత్తుకడవుకూ పొల్లాచ్చికీ మధ్యన, బస్సు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే వచ్చేది. మా వాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ వైపు వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న తెలుగు నోట్లో మిగిలింది గానీ చేతిలోకి రాలేదు. బడిలో చదివింది తమిళం, కోయంబత్తూరు కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక, మొదటి తరగతి వాచకం కొనుక్కొని నేర్చుకున్నాను. అందుకే నేను రాసేదానిలో ఇంటి మాటలు ఎక్కడెక్కడో దూరుతుంటాయి. మేము టమాటాను తక్కాలి అనేవాళ్ళం. నెలలు కూడా తమిళ పంచాంగం నెలలే. ఏప్రిల్ సగంలో మొదలయ్యేది చిత్తిర, దాని తర్వాత వైకాశి, తర్వాత ఆని, తర్వాత ఆడి.

ఆ నెలలను మేము గాలిని బట్టి గుర్తుపట్టేవాళ్ళం. చిత్తిరలో గాలి ఉండదు. ఇంటి వెనక కొబ్బరి మట్టలు పటంలో గీసినట్టు కదలకుండా నిలబడేవి, బావి అడుగున రాళ్ళు కనిపించేవి, మధ్యాహ్నం పూట కోళ్ళు నోళ్ళు తెరుచుకొని గోడ నీడలో పడుకునేవి, మేము పిల్లలం చింత గింజలు ఏరుకొని వసారాలో వామనగుంటలు ఆడుకునేవాళ్ళం. వైకాశి సగం దాటాక పడమట కొండల సందులోనుంచి గాలి మొదలయ్యేది. మొదలైతే మూడు నెలలు ఆగదు. ఆరేసిన చీరలను రెండు చోట్ల ముడి వేయాలి, పొయ్యి ముందు తడిక పెట్టాలి, అన్నంలో మట్టి రాకుండా చేయి అడ్డం పెట్టుకొని తినాలి. ఆనిలో ఆ గాలితో పాటు సన్నటి తుంపర వచ్చేది, వానా కాదు, మంచూ కాదు, రోజంతా ముఖానికి తగులుతూ ఉండేది. ఆడి పుట్టగానే పొలంలో నారు నాటాలి. ఆడిలో నాటాలంటే అప్పటికి మిరప నారుకు నలభై అయిదు రోజులు, తక్కాలి నారుకు నెల రోజులు నిండి ఉండాలి. కానీ ఆ నలభై అయిదు రోజులూ బయట గాలి, ఎండ, చీమలు, కోళ్ళు. అందుకని మా వైపు కొన్ని ఇళ్ళలో నారు ఇంటి లోపలే పోసేవాళ్ళు. ఏ రోజు పోయాలన్నది మా ఊళ్ళో మా అవ్వ చెప్పేది.

అవ్వ మా నాయనకు అమ్మ. పొట్టి మనిషి. ఎడమ మోకాలు వంగేది కాదు, అందుకని కింద కూర్చుంటే ఒక కాలు ఎప్పుడూ ముందుకు చాచి ఉండేది, మేమందరం దాన్ని దాటకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం. చదువు రాదు. గోడకు తగిలించిన రోజువారీ క్యాలెండరులో ప్రతి ఉదయం పాత కాగితం చించి కొత్త తేదీ చదివి చెప్పడం నాకు అంకెలు వచ్చినప్పటినుంచీ నా పని. కాగితం మీద తమిళ తేదీ పెద్ద అక్షరాల్లో ఉండేది. నేను చెబితే అవ్వ పెదవులు కదుపుతూ దాన్ని ఒకసారి తనలో తాను అనుకునేది. ఇక ఆ రోజంతా అది మరిచిపోయేది కాదు. వైకాశి వచ్చిందంటే ఊరి ఆడవాళ్ళు పాలకో, మజ్జిగకో, ఏదో ఒక వంకన వచ్చి మా గుమ్మం దగ్గర నిలబడి, అత్తా ఎప్పుడు నానేసేది అని అడిగి పోయేవాళ్ళు. అడగనివాళ్ళు మా ఇంటి ముందు చేటలో మిరప గింజలు ఎండలో కనిపిస్తే ఆ సాయంత్రమే వాళ్ళూ నానబెట్టుకునేవాళ్ళు.

తక్కాలి గింజలను పండులోనుంచి పిండి, బూడిదతో కలిపి, వెనక గది గోడకు పిడకలా కొట్టి ఉంచేది అవ్వ. కావలసినప్పుడు గోడనుంచి గీరుకోవడమే. అవి నాలుగో రోజుకు మొలకెత్తేవి. మిరప అలా కాదు. పండు మిరపకాయలను ఎండబెట్టి, వేపాకు వేసి, మట్టి కుండలో మూతి కట్టి పెట్టిన వాటిని పగలదీసి, గింజలను మజ్జిగ నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, పాత పంచె గుడ్డలో మూటగట్టి, ఆముదపు ఆకు చుట్టి, పొయ్యి వెనక గోడ గూట్లో వెచ్చగా ఉంచి, రోజూ తడి చూసుకుంటూ ఉంటే ఎనిమిదో రోజో పదో రోజో మొలక వచ్చేది.

"మెరప అలిగిన అల్లుడు కన్నూ, పది దినాలు బతిమాలాల. తక్కాలి పిలవకనే వచ్చే చుట్టం," అనేది అవ్వ నాతో. ముద్దుకు నన్ను కన్నూ అనేది.

మొలక వచ్చిన గింజలను కొబ్బరి చిప్పల్లోనూ, అంచు పగిలిన మూకుళ్ళలోనూ వేసేవాళ్ళం. చిప్పలకు కాల్చిన చువ్వతో అడుగున చిల్లి పెట్టడం, ఎర్రమట్టి, మాగిన పేడ ఎరువు, వాగు ఇసుక కలిపి జల్లించడం నా పని. గింజలు వేసేటప్పుడు మాట్లాడితే కాయకు కారం పోతుందని అవ్వ నోటినిండా నీళ్ళు పోసుకొని, బుగ్గలు ఉబ్బించుకొని, మొత్తం అయ్యేదాకా ఉమ్మేది కాదు. ఆ చిప్పలన్నీ వంటింటిని ఆనుకొని ఉన్న లోపలి గదిలోకి వెళ్ళేవి. పొయ్యి గోడ ఆ గదికీ గోడే, అందువల్ల వెచ్చగా ఉండేది. గాలి రాదు. పైన పెంకుల మధ్య రెండు అద్దపు పెంకులు ఉండేవి. వాటిలోనుంచి పడే ఎండ పీటంత వెడల్పున పొద్దున పడమటి గోడ దగ్గర మొదలై, నేల మీద పాకుతూ సాయంత్రానికి తూర్పు గోడకు చేరేది. ఎండ జరిగినప్పుడల్లా చిప్పలను దాని వెంట జరపాలి. లేకపోతే నారు సాగి పడిపోతుంది.

మా ఇంట్లో కాన్పులు జరిగేదీ ఆ గదిలోనే. నేను పుట్టింది అక్కడే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, చిత్తిరకు ముందు నెలలో, ఉగాది అయిన నాలుగు రోజులకు, మా అమ్మకు ఆ గదిలో ఆడపిల్ల పుట్టింది. మూడు రోజులు ఉంది. మూడో రోజు పొద్దున నన్ను పక్కింటి రంగక్క దగ్గరికి పంపించారు. రంగక్క మా ఇంటితో మంచిగా ఉండే మనిషి. ఆమెకు పిల్లలు లేరు. అవ్వను ఆమె కూడా అత్తా అనే పిలిచేది. నన్ను తన వసారాలో కూర్చోబెట్టి, ఉగాదికి చేసినవి మిగిలాయని రెండు ఒప్పుట్లు పెట్టింది. ఒప్పుట్లంటే మా వైపు బొబ్బట్లు. కొంచెం గట్టిపడ్డాయి, బెల్లం అంచుల్లో పాకంలా అయింది, తీపిగానే ఉన్నాయి. రెండూ తిన్నాను. చేతులు కడుక్కొని ఇంటికి వచ్చేసరికి నాయన తోటవైపు నుంచి పార భుజాన వేసుకొని వస్తున్నాడు. ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత రోజుల్లో నాకు గుర్తున్నది మల్లెపూల వాసన. పాలు ఇంకిపోవడానికి అవ్వ రోజూ మల్లెపూలు తెప్పించి, గుడ్డలో వేసి అమ్మ రొమ్ములకు గట్టిగా కట్టేది. సాయంత్రానికి పూలు నల్లబడిపోయేవి. మళ్ళీ కొత్తవి కట్టేది. పదకొండు రోజులయ్యాయి, ముప్పై రోజులయ్యాయి, అమ్మ ఆ గదిలోనుంచి బయటికి రాలేదు. ఏడవనూ లేదు. పెట్టింది తినేది, స్నానం చేయమంటే లేచి చేసేది, మళ్ళీ వచ్చి చాప మీద గోడ వైపు తిరిగి పడుకునేది. నేను బడినుంచి వచ్చి గుమ్మం దగ్గర కూర్చొని పలక మీద ఎక్కాలు రాసుకుంటూ ఉంటే కళ్ళు తెరిచి నా వైపు చూసేది. నన్ను చూస్తున్నట్టు ఉండేది కాదు. నాయన వసారాలో పడుకొని, తెల్లారకముందే తోటకు వెళ్ళిపోయేవాడు. ఆ గదిలోకి రావడం మానేశాడు. ఇంట్లో వంట అవ్వ చేసేది. మాటలు తక్కువ, గిన్నెల చప్పుడు ఎక్కువ. నాకు అప్పుడు దుఃఖం అనిపించిందా అని ఇప్పుడు వెతికితే ఏమీ దొరకదు. బడికి వెళ్ళేదాన్ని, వచ్చేదాన్ని.

ఒక ఉదయం క్యాలెండరు కాగితం చించి తేదీ చెప్పాను. అవ్వ పొయ్యి ముందు కాలు చాచుకొని కూర్చొని ఉంది.

"చిత్తిర ఇరవై రెండు, అవ్వా."

"మల్లా చూడు."

"ఇరవై రెండే."

"వైకాశి పుట్టేకి ఇంకా ఎన్ని దినాలుండాది?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టి పది దినాలు అన్నాను. అవ్వ పెదవులు కదిపింది. తర్వాత గోడ పట్టుకొని లేచి, అటక కింద ఉట్టిలోని మిరప కుండను దించమంది. దించాను. కాయలు పగలదీసి, గింజలు చేటలో పోసి, ఇంటి ముందు ఎండలో పెట్టింది. నాకు తెలిసి అంతకుముందు ఎప్పుడూ వైకాశి పదిహేను దాటకుండా ఆ కుండ మూతి విప్పలేదు.

"ఇప్పుడేనా అవ్వా?" అని అడిగాను.

"ఊ," అంది.

మరునాడు పొద్దున నానిన గింజలను మూటగట్టి, ఆముదపు ఆకు చుట్టి, పొయ్యి గూట్లో పెట్టకుండా, లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. నేను ఆమె వెనకే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. అవ్వ వంగని కాలితో కష్టపడి ఆమె పక్కన కూర్చుంది.

"అమ్మాయీ, ఈ యేడు పొయ్యి గోడ కాక ఎక్కువుండాది. గింజ ఉడికిపోతాది. ఈ మూటను నీ రొంటిన పెట్టుకో. వొంటి వేడి సరిపోతాది. తడి ఆరకుండా చూసుకో. నేను ముసలిదాన్ని, మరిచిపోతాను."

అమ్మ కదలలేదు. అవ్వ చేయి చాపి అలాగే ఉంచింది. ఎంతసేపో నాకు తెలియదు. వంటింట్లో పాలు పొంగి పొయ్యిలో పడిన చప్పుడు, వాసన వచ్చాయి. పాలు పొంగితే ఇల్లంతా అరిచే అవ్వ లేవలేదు. చివరికి అమ్మ ఇటు తిరిగి, ఆ మూటను తీసుకొని, చూసి, చీర కుచ్చిళ్ళ పక్కన నడుము మడతలో దోపుకుంది.

ఆ రోజునుంచి ఆమె దగ్గర ఒక ఇత్తడి లోటాలో నీళ్ళు ఉండేవి. మూటను తీసి, వేళ్ళతో నీళ్ళు చిలకరించి, మళ్ళీ దోపుకునేది. మూట నలగకుండా ఒక పక్కకే పడుకునేది. కొన్నాళ్ళకు పడుకోవడం తగ్గించి గోడకు ఆనుకొని కూర్చోవడం మొదలుపెట్టింది. నేను గుమ్మం దగ్గర కూర్చొని చూసేదాన్ని. ఎనిమిదో రోజు మధ్యాహ్నం, గదిలో ఎండ ముక్క నేల మధ్యలోకి వచ్చినప్పుడు, అమ్మ నన్ను పిలిచింది. ఆమె గొంతు విని నెల దాటింది. బొంగురుగా ఉంది.

"పాపా, ఇట్ల రా."

మూట విప్పి ఎండలో పట్టుకుంది. పసుపుపచ్చ గింజల అంచుల్లోనుంచి తెల్లగా, సూది మొనంత, వంకరగా ఏవో బయటికి వచ్చి ఉన్నాయి.

"మొలిచిండాయి. మీ అవ్వకు పోయి చెప్పు."

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. అవ్వ వెనక వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "సరి, చిప్పలు తీసకరా," అంది.

ఆ సాయంత్రం ఆ గదిలోనే చిప్పలు నింపాం. అవ్వ నోట్లో నీళ్ళు పోసుకొని కూర్చుంది. అమ్మ గింజలను ఒక్కొక్కటిగా మట్టి మీద పెట్టి, పైన పొడి ఇసుక రాల్చింది. ఆ రోజునుంచి చిప్పలను ఎండ వెంట జరిపే పని నాకు లేకుండా పోయింది. నేను బడిలో ఉన్నప్పుడు అమ్మే జరిపేది. పొద్దున పడమటి గోడ దగ్గర చాప, మధ్యాహ్నం గది నడుమ, సాయంత్రం తూర్పు గోడ. తాను ఎక్కడ కూర్చుంటే చిప్పలు అక్కడ, చిప్పలు ఎక్కడ ఉంటే ఎండ అక్కడ.

వైకాశి సగమైంది. గాలి మొదలైంది. ఒకరోజు పగలు నాయన ఏదో వెతుకుతూ లోపలి గదిలోకి వచ్చాడు. పాత గొడ్డలి పిడి అనుకుంటాను. వచ్చి, నాలుగేసి ఆకులు తొడిగిన మిరప నారును చూసి ఆగిపోయాడు. వంగి ఒక చిప్పను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత బయటికి వచ్చి అవ్వ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఇది ఎప్పుడు వేస్తివి? బావిలో నీళ్ళు లేవు. మడి దున్నలే. ఆడి వచ్చేలోపల ఇవి చిప్పలోనే పూసి కూచుంటాయి."

అవ్వ కాలు చాచుకొని వెల్లుల్లి వలుస్తోంది. "లెక్క తప్పిపోతిని రా," అంది.

నాయన నా వైపు తిరిగాడు. ఆయన కోపిష్టి కాదు. మామూలుగానే అడిగాడు. "తేది చెప్పేది నువ్వే కదా. సరిగ్గా చూసితివా, లేదా?"

నేను నోరు తెరిచేలోపల అవ్వ అంది. "బిడ్డ సరిగ్గానే చెప్పె. నేనే వైకాశి అనుకొంటిని. వయసాయె కదా, మతి నిలవలే."

లోపలి గది గుమ్మంలో అమ్మ లోటా పట్టుకొని నిలబడి ఉంది. అవ్వ వైపు ఒకసారి చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. నేను ఏమీ అనలేదు. భయం వల్ల కాదు. రెండుసార్లు చూశాననీ, పది దినాలని వేళ్ళు మడిచి చెప్పాననీ నాకు తెలుసు. అది చెప్పాలని అనిపించలేదు, అంతే.

అంతటితో అయిపోయేది, కానీ ఆ సాయంత్రమే రంగక్క వచ్చింది. చిత్తిరలో మా చేట ఎండలో చూసి, ఆమె కూడా తన దగ్గరున్న మిరప గింజలన్నీ నానబెట్టుకుంది. ఆమె ఇంట్లో అద్దపు పెంకులు లేవు, నారు సగం కుళ్ళిపోయింది, మిగిలింది నాటడానికి చోటు లేదు, మళ్ళీ పోయడానికి గింజలు లేవు. ఆమె అరవలేదు. గుమ్మం బయటే నిలబడి, గాలికి కొంగు ఎగరకుండా పట్టుకొని అంది. "మీ చేట చూసి నానేస్తిని అత్తా. మీరు తప్పు చేస్తారని ఎవరు అనుకొంటారు?"

అవ్వ ముఖం అప్పుడు మారింది. ఇది ఆమె ఆలోచించని సంగతి అని ఇప్పుడు అనుకుంటాను. లేచి లోపలికి వెళ్ళి, కుండలో మేము మళ్ళీ విత్తడానికి దాచుకున్న కాయలు గుప్పెడు ఉంటే అవన్నీ తెచ్చి రంగక్క కొంగులో పోసింది. "వైకాశి ఇరవైకి వెయ్యి. ఇంకా నాలుగు దినాలుండాది," అంది. రంగక్క తీసుకొని వెళ్ళింది. ఆమె పంట ఆ ఏడు బాగానే వచ్చింది. కానీ ఆ తర్వాత ఆమె మా ఇంటికి అడగడానికి రాలేదు. ఇంకెవరూ రాలేదు. అవ్వకు మతి తప్పుతోందని ఊళ్ళో అనుకున్నారు. ఎవరూ చెడ్డగా అనలేదు. పెద్దదైపోయింది పాపం అన్నారు.

నాయన మర్నాడు కినత్తుకడవు వెళ్ళి విత్తనాల పొట్లాలు తెచ్చాడు. తళతళలాడే కాగితం మీద ఎర్రటి మిరపకాయ బొమ్మ, వెనక తమిళంలో ఎప్పుడు పోయాలో, ఎన్ని రోజులకు నాటాలో అచ్చు వేసి ఉంది. ఆ ఏడు పొలంలో ఆ పొట్లాలే నాటాం. పై ఏడు తక్కాలికి కూడా పొట్లాలే. నేను క్యాలెండరు కాగితం చించుతూనే ఉన్నాను, కానీ అవ్వ తేదీ అడగడం మానేసింది. నేనూ కొన్నాళ్ళు అడగకుండానే చెప్పి, తర్వాత మానేశాను. గోడకు పిడకలా కొట్టిన తక్కాలి గింజలు కొన్నేళ్ళు అలాగే ఉండి, ఒక వెల్లవేతలో పోయాయి.

చిప్పల్లోని నారును పారేయమని నాయన అన్నాడు. అమ్మ పారేయలేదు. ఆని మొదట్లో, గాలి హోరెత్తుతున్న రోజుల్లో, గది దాటి, వంటిల్లు దాటి, వెనక వాకిట్లోకి వచ్చింది. ఎండకు కళ్ళు చికిలించుకొని కాసేపు నిలబడింది. అంట్లు తోమే రాయి పక్కన గోడ నీడలో, వంటింటి నీళ్ళు పారే చోట, తవ్వుకోలతో గుంటలు తీసి ముప్పైకి పైగా మొక్కలు నాటింది. ఒక్కొక్క మొక్కకు పడమటి వైపున కొబ్బరి మట్ట ముక్క గుచ్చింది. రోజూ పొద్దున లేవగానే ఎన్ని మట్టలు పడిపోయాయో చూసి మళ్ళీ గుచ్చేది. అలా ఆమె ఆ గదిలోనుంచి వచ్చింది. మళ్ళీ పడుకోవడానికి ఆ గదికి వెళ్ళలేదు.

ఆడి నోంబికి మా వైపు చెట్లకు ఊయలలు కడతారు. ఆ పండుగ నాటికి ఆ మొక్కలు కాయలు కాశాయి. గాలిలో ఊయల మనం తోయకుండానే ఊగేది. మేము ఆడపిల్లలం వరుసగా ఎక్కి, ఊగి, ఆకలేసి ఇంటికి వచ్చేసరికి పులుసన్నం, కొబ్బరన్నం, బెల్లం కలిపి నూనెలో వేయించిన కచ్చాయాలు, వాటితో పాటు ఆ పచ్చిమిరపకాయలతో అమ్మ నూరిన చట్నీ. అవ్వ చట్నీ నాలుక మీద వేసుకొని కొంచెం ఆగింది.

"కారం చాలలే," అంది.

"గింజ వేసేటప్పుడు మీరు నోట్లో నీళ్ళు మింగేసిండాలి అత్తా," అంది అమ్మ.

అవ్వ ఇంకొంచెం వేసుకొని తినింది. నాయన తల వంచుకొని తింటున్నాడు. నేను ఆ మాటకు నవ్వాలో వద్దో తెలియక ఇద్దరి ముఖాలూ చూశాను. వాళ్ళు నవ్వలేదు.

అవ్వ ఇంకో నాలుగేళ్ళు ఉండి, ఒక ఐప్పసి నెలలో వానల్లో పోయింది. నాయన పోయి పన్నెండేళ్ళు. ఆ భూమి ఇప్పుడు మాది కాదు. కినత్తుకడవు దాటాక రోడ్డుకు రెండు వైపులా కొబ్బరి తోటలే. మిరప, తక్కాలి వేసేవాళ్ళు తక్కువ. వేసేవాళ్ళకు నారు పచ్చటి వల కింద పెంచిన ట్రేలలో, వ్యాన్లలో, ఫోన్ చేస్తే ఇంటికి వస్తుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడే ఇరవై అయిదు రోజుల నారు దొరుకుతుంది. మా ఇల్లు ఉన్న చోట కొబ్బరి పీచు ఎండబోస్తున్నారు. పోయిన ఏడు ఒక పెళ్ళికి వెళ్తూ బస్సులోనుంచి చూశాను. లోపలి గది ఎక్కడుండేదో చెప్పడానికి ఏ గుర్తూ లేదు. బస్సు ఆగలేదు, నేను ఆపమనలేదు.

పక్క ఫ్లాట్ అమ్మాయి వచ్చి వెళ్ళిన రోజు సాయంత్రం, అమ్మ హాల్లో కూర్చొని చిక్కుడుకాయలకు నార తీస్తోంది. ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. చూపు తగ్గినా చేతికి పని కావాలి. నేను ఎదురుగా కూర్చొని, ఇన్నేళ్ళకు చెప్పాను.

"అమ్మా, ఆ యేడు అవ్వ తేది మరిచిపోలే. నేను చెప్తిని. రెండుసార్లు చూసి చెప్తిని. వైకాశికి ఇంకా పది దినాలని గూడ చెప్తిని."

అమ్మ చేతులు ఆగలేదు. "తెలుసు," అంది.

"ఎప్పుడు తెలిసె?"

"చేతిలో పెట్టిన దినమే. చిత్తిరలో మెరప గింజ ఎవరు నానేస్తారు? నేనూ సేద్యం చేసే ఇంటి పిల్లనే కదా."

"మరి నాయన అడిగినప్పుడు ఏంటికి చెప్పకపోతివి?"

"చెప్తే ఆమె చేసినది ఏమైతాది?" ఒక కాయను విరిచి, పురుగుందేమోనని వేలితో తడిమి చూసి, గిన్నెలో వేసింది. "నువ్వు ఏంటికి చెప్పకపోతివి?"

నాకు తెలియదన్నాను. అది నిజం. అమ్మ ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. తర్వాత, నేను అడగకుండానే చెప్పింది.

"ఆమెకు గూడ ఒకటి పోయిండె. మీ నాయనకు ముందు. మూడో దినమే నాటు వేసేకి పోయిందంట. పాలు కారుతానే నాటు వేసిందంట. అప్పుడు ఆమె చేతిలో ఎవరూ ఏమీ పెట్టలే. మల్లెపూలు కట్టేటప్పుడు నాతో చెప్పె, ఒక్కసారి. మల్లా ఎప్పుడూ చెప్పలే."

నా కూతురు సోఫా అంచున కూర్చొని ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పని చేసుకుంటోంది. దానికి మా ఇంటి తెలుగు అర్థం అవుతుందని చాలా కాలం అనుకున్నాను. మా ఇద్దరి గొంతుల్లో ఏదో విని తల ఎత్తి, అమ్మమ్మ ఏం చెబుతోంది అని తమిళంలో అడిగింది.

మిరప నారు సంగతి అని నేనూ తమిళంలోనే చెప్పాను. అది మళ్ళీ పనిలోకి తల వంచింది.